మోడానికి అణావారీ

ముప్పై మూడేళ్ళు ఆకాశంలో మబ్బుల్ని చూసి రాసినవాణ్ణి పట్టుకుని, నువ్వు రాసిందంతా ఉత్తిదే అంటే ఎవడికైనా ఒళ్ళు మండుతుందా, మండదా? నరసింహప్పకు మండింది. మామూలుగా కాదు, అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ ఉత్తరం మంగళవారం వచ్చింది. బెంగళూరు పక్కన ఏదో వాతావరణ పరిశోధన సంస్థ పంపింది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి తనకల్లు దగ్గరున్న ఆ చిన్న ఊరి సచివాలయంలో పనిచేసే భారతి చదివి చెప్పాల్సి వచ్చింది. పాపం ఆ పిల్ల ఒకసారి చదివింది, రెండోసారి చదివింది, గొంతు సవరించుకుంది.

"ఏమ్మా, నసుగుతాండావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"మీ పుస్తకాల్లో మోడం అంకెలు హద్దు దాటినాయంట పెదనాయనా. అంత మోడం ఉండేదానికే వీల్లేదంట. అందుకని నమ్మేదానికి లేదంటాండారు. శుక్రవారంతో వాళ్ళ పని అయిపోతాదంట. అంతలోపల మీరేమన్నా చెప్పుకోవాలంటే చెప్పుకోవచ్చంట."

"నమ్మేదానికి లేదంటే?"

"అంటే..." భారతి తల దించుకుంది. "ఊరికే కూచోని రాసినారని."

సచివాలయం అరుగు మీద పింఛను కోసం కూర్చున్న తిప్పయ్య పకపకా నవ్వాడు. "ఏమప్పా నరసింహప్పా! మన ఆకాశం చాలక పక్కూరి ఆకాశంలో మోడం కూడా రాసుకున్న్యావా ఏంది?" అన్నాడు. అరుగంతా నవ్వింది. నరసింహప్ప ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. అరవై ఎనిమిదేళ్ళ బతుకులో అతన్ని కోపిష్టి అన్నారు, మొండివాడన్నారు, పిచ్చివాడని కూడా అన్నారు. అబద్ధాలకోరు అని మాత్రం ఎవరూ అనలేదు.

అసలు ఈ పుస్తకాల పుట్టుక కూడా కోపంలోనే ఉంది. ఈ సీమలో మబ్బును మోడమంటారు. ముప్పై మూడేళ్ళ కిందట ఒక ఏడు మోడం కమ్ముకొచ్చిందని చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తాడు, వాన రాలేదు. మళ్ళీ మోడం, మళ్ళీ విత్తనం, మళ్ళీ ఎండ. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి చేలో నిలబడి ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ మర్నాడే కదిరికి పోయి పొడుగు నోటుపుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. "దీని మోసమేందో నేను కనిపెట్టకపోతే చూడు" అన్నాడు పెళ్ళాంతో. వెంకటలక్ష్మమ్మ, "కనిపెట్టు, కనిపెట్టు, పైకి చూసుకుంటా పోయి బాయిలో పడు" అంది.

చేను వెనకాల నున్నటి పెద్ద రాతిగుండు ఒకటుంది. రోజూ పొద్దున పదింటికి, మధ్యాహ్నం మూడింటికి ఆ గుండెక్కి వెల్లకిలా పడుకుని అరగంట చూస్తాడు. దిగి మూడు అంకెలు రాస్తాడు. కింద మోడం ఎంత, పై మోడం ఎంత, రెండూ కలిసి కప్పిన ఆకాశం మొత్తం ఎంత. జ్వరమొచ్చినా చూశాడు, కూతురి పెళ్ళి రోజూ చూశాడు. పందిట్లో పెళ్ళికొడుకు కాళ్ళు కడగాల్సినవాడు గుండు మీద ఉన్నాడని ఇప్పటికీ వియ్యపురాలు దెప్పుతుంది. ఇంత చేసి వాన ఎప్పుడొస్తుందో మాత్రం కనిపెట్టలేకపోయాడు. ఏళ్ళు గడిచేకొద్దీ కోపం పోయింది, చూడడం మిగిలింది. ఇరవై తొమ్మిది పుస్తకాలు నిండాయి.

బుధవారం తెల్లారి వాటిలోంచి ఆరు పుస్తకాలు తీసి తువ్వాలలో మూటకట్టాడు.

"యాడికి?" అంది వెంకటలక్ష్మమ్మ.

"చిలమత్తూరుకు. పుస్తకాలు ఫొటో తీసుకోని పోయిన పాప ఆడే ఉండాది. మొగం మీదే అడుగుతా."

"అడుగు. కానీ అరవద్దు. ఆడపిల్ల."

కదిరిలో ఒక బస్సు, గోరంట్లలో ఇంకో బస్సు. ఆషాఢపు గాలికి కిటికీ అద్దాలు దడదడలాడుతుంటే దారి పొడుగునా ఏమేమి అడగాలో మనసులో కూర్చుకున్నాడు.

ఆ పాప పేరు అనుపమ. హిందూపురంలో వాళ్ళ నాయనకు బట్టల అంగడి ఉంది. ఆమె ఆ బెంగళూరు సంస్థలో శాస్త్రవేత్త. పోయిన ఏడు వర్షమాపకం పెట్టడానికి చోటు వెతుక్కుంటూ తనకల్లు వైపు వచ్చి, ఎవరో చెబితే నరసింహప్ప ఇంటికి వచ్చింది. అటక మీది పుస్తకాలు చూసి నోరు తెరిచింది. నాలుగు రోజులు నేల మీద కూర్చుని ప్రతి పేజీనీ ఫోనులో ఫొటో తీసుకుని పోయింది. ఇప్పుడు చిలమత్తూరు బయట మిట్ట మీద ఒక తెల్లటి ఇనుప గది పెట్టించి, దాని పక్కన ఆకాశానికి నోరు తెరుచుకున్న పెద్ద గిన్నెలాంటి రాడార్ ఒకటి నిలబెట్టి, రెండు నెలలుగా అక్కడే పని చేస్తోంది.

నరసింహప్పను చూడగానే అనుపమ మొహం వాడిపోయింది. "తాతా, ఆ ఉత్తరం నేను రాయలే. పైన మా సుదర్శన్ సార్ ఉండాడు, ఆయన రాయించినాడు. కానీ అంకెలు నేనూ చూసినా. ఎట్లా చూసినా కుదరలే. నేనెంత ఏడ్చినానో నాకే తెలుసు."

అరవాలని వచ్చినవాడికి ఎదుటివాళ్ళు ఏడ్చామంటే ఇంకేం అరుస్తాడు? నరసింహప్ప మూట కింద పెట్టాడు. "ఏడుపులు ఎందుకులే గానీ పాపా, ముందు నీ మిషను మోడాన్ని ఎట్లా చూస్తాదో నాకు చూపించు. తర్వాత నా తప్పేందో చెబుదువు."

"మిషను మోడాన్ని చూడదు తాతా. అదే కష్టం."

"చూడకుండా ఎట్లా రాస్తాది?"

అనుపమ అతన్ని లోపలికి తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద భూమంతా గళ్ళు గళ్ళుగా ఉంది, గళ్ళ లుంగీ పరిచినట్టు. ఇది భూమి వాతావరణానికి లెక్కల్లో కట్టిన బొమ్మ, దీన్నే మోడల్ అంటామని చెప్పింది. ఇంకో యాభై ఏళ్ళకు ఎండలెట్లా ఉంటాయో, వానలెట్లా ఉంటాయో దీంతోనే అంచనా వేస్తారట. ఒక్కో గడి నూరు కిలోమీటర్ల పొడుగు, నూరు కిలోమీటర్ల వెడల్పు.

"ఇదో, ఈ గడి చూడు. మీ తనకల్లు ఇందులోనే ఉండాది. కదిరి, హిందూపురం, మనం కూచున్న ఈ మిట్ట, అన్నీ ఒకటే గడి. గుత్తి మాత్రం పక్క గడిలోకి పోతాది. ఒక్కో గడి మీద గాలిని అంతస్తులు అంతస్తులుగా కడతాం, మిద్దె మీద మిద్దె మాదిరి. ఒక్కో అంతస్తుకు మోడం ఎంతనేది ఒకటే అంకె."

"ఇంత జాగాకు ఒకటే అంకెనా?"

"ఒకటే. అంతకన్నా చిన్న గడి పెడితే కంప్యూటర్‌కు ఏండ్లు పడతాది. గడిలో యాడ మోడముందో, యాడ ఎండ కాస్తాందో మోడల్‌కు తెలీదు. దానికి తెలిసిందల్లా గడి మొత్తానికి గాలిలో తేమ సగటున ఎంతనేది. ఇప్పుడు చూడు. తేమ నూటికి నూరైతే గానీ మోడం కట్టదు. సగటు ఎనభై ఉండాదనుకో. మోడం లేదని రాసేద్దామా?"

నరసింహప్ప ఆ పిల్ల వైపు జాలిగా చూశాడు. "ఎట్లా లేదంటావమ్మా? మా ఊర్లో ఎకరాకు సగటున నాలుగు మూటల చెనిక్కాయ పండిందంటే, అందరికీ నాలుగే పండినట్టా? ఒకని చేన్లో ఎనిమిది మూటలు, ఇంకొకని చేన్లో వట్టి గడ్డి. సగటు ఎనభై అంటే యాడో ఒక తావ నూరు ఉండే ఉంటాది. ఆడ మోడం ఉంటాది."

అనుపమ కుర్చీలో వెనక్కి వాలింది. ఈ ముక్క తనకు అర్థం కావడానికి ఒక ఏడాది చదువు పట్టింది. "అదే తాతా. ఆ యాడో ఒక తావ అన్నావే, అది గడిలో ఎంత భాగమో తేల్చేదే మా పనంతా. పావా, సగమా, ముప్పావా. తేమ సగటును బట్టి, అది గడిలో ఎంత హెచ్చుతగ్గులుగా ఉంటాదనేదాన్ని బట్టి లెక్క కడతాం."

నరసింహప్పకు ఒక్కసారిగా ఉషారు పుట్టుకొచ్చింది. ఆహా! ఒక గదిలో కూర్చున్న యంత్రం, పుట్టి బుద్ధెరిగి ఒక్కనాడూ తలెత్తి ఆకాశాన్ని చూడనిది, వట్టి తేమను పట్టుకుని కానరాని మోడాన్ని కనుక్కుంటోంది! ఎవడి బుర్రలో పుట్టిందో గానీ వాడికి దండం పెట్టాలనిపించింది. ఉత్తరం మీది కోపం ఎటుపోయిందో, చేయి తొడ మీద చరిచాడు.

"ఓయమ్మ! అంటే మోడానికి అణావారీ కడతాండారు మీరు!"

"అణావారీ అంటే?"

"అయ్యో! అంగడోళ్ళ పిల్లవు, ఇది తెలీదా? మీ నాయన్ను అడుగు. కరువు చూసేదానికి రెవెన్యూ వాళ్ళొచ్చి ఊరి పంటను కొలుస్తారు గదా. ఎవని చేను ఎట్లున్నా, ఊరి మొత్తానికి ఒకటే మాట రాసుకోని పోతారు. నాలుగణాల పంట, ఆరణాల పంట అని. పదహారణాలంటే నిండు పంట. మా సీమలో అది చూసినోడెవుడూ లేడనుకో. నువ్వు గడికి ఒక అంకె అంటాండావే, అదీ ఇదీ ఒకటే. నేనూ అట్లే గదా రాసేది."

అనుపమ అతని మూటలోంచి ఒక పుస్తకం లాగి తెరిచింది. వేలు ఒక అంకె మీద పెట్టింది.

"తాతా... ఈ పదకొండు. ఇది దేనికి పదకొండు?"

"పదహారుకు. ఇంక దేనికి?"

"పదహారుకా!"

"మరి మీరు దేనికనుకున్నారు?"

"ఎనిమిదికి తాతా! ప్రపంచమంతా మోడాన్ని ఎనిమిది భాగాల్లో కొలుస్తాది. ఎనిమిది దాటిన నీ అంకెలన్నీ తప్పులని కంప్యూటరే కొట్టేసింది. ఎనిమిది లోపలివి మాత్రం ఉంచుకున్నాం. నువ్వు నాలుగు రాసినావంటే సగం ఆకాశమనుకున్నాం!"

"ఎనిమిదా? రూపాయికి ఎనిమిదణాలని ఏ బడిలో చెప్పినారమ్మా మీకు?"

అనుపమ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే నవ్వింది. పావు మోడం సగమైపోయింది, నిండు మోడం ఉన్న రోజులన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. ఇరవై తొమ్మిది పుస్తకాల్లో ఎక్కడా అణా అనే మాట రాసి లేదు. ఎందుకు రాస్తాడు? తలుపు మీద ఎవరైనా తలుపు అని రాసుకుంటారా? నరసింహప్ప కూడా నవ్వాడు గానీ, ముందు ఆ చెత్తబుట్టలోంచి తన రోజులు బయటికి తీయమన్నాడు.

తీసింది. అన్నిటినీ పదహారుకు మార్చి కంప్యూటర్‌కు మళ్ళీ ఇచ్చింది. మధ్యాహ్నానికి తెర మీద గీతలు పడ్డాయి. వాటిని చూసి ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. ఇంకేదో కనబడింది.

"తాతా, ఈ దినం చూడు. కింద ఎనిమిది, పైన ఎనిమిది, మొత్తం పన్నెండు. ఇంకో దినం కింద నాలుగు, పైన పన్నెండు, మొత్తం పదమూడు. ఒకదాని కింద ఒకటి దాక్కోని ఉంటే పన్నెండే కావాల, కానీ పదమూడు!"

"అవును. చూసిందే రాసినా."

అనుపమ రెండు అరచేతులూ వేళ్ళు విడదీసి ఒకదానిపై ఒకటి పెట్టి చూపించింది. కింద సగం మోడం, పైన సగం మోడం ఉన్నాయనుకుందాం. సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే సగం ఆకాశమే మూసుకుంటుంది, నేల మీద సగం ఎండ పడుతుంది. వాటికీ వీటికీ పొత్తు లేకుండా ఎక్కడివక్కడ పడితే ముప్పావు మూసుకుంటుంది, పావు ఎండే మిగులుతుంది. నేల ఎంత కాలుతుందన్నది దీన్నిబట్టే ఉంటుంది. ఇన్నాళ్ళూ తమ మోడల్ మబ్బులన్నీ దొంతర పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి ఉంటాయనుకుంటోంది. అలా కాదని, అంతస్తుకూ అంతస్తుకూ గాలి మారే చోట మబ్బులు విడిపోతాయని ఈ పిల్ల ఐదేళ్ళుగా మొత్తుకుంటోంది. రుజువు చూపించమన్నారు. చూపించడానికి ఆమె దగ్గర రెండు నెలల రాడార్ చూపు తప్ప ఇంకేమీ లేదు.

"దానికి రుజువెందుకు?" అన్నాడు నరసింహప్ప. "ఈ నెలల్లో కింద మోడం పడమట నుంచి ఉరుకుతా వస్తాది. పైది తూర్పు నుంచి నిదానంగా ఎదురొస్తాది. ఒకటి అట్లా పోతాంటే ఒకటి ఇట్లా వస్తాంటే, రెండూ ఒకదాని మీద ఒకటి ఎట్లా నిలబడతాయి? ఉరుముల కాలంలో అట్లా కాదు. అప్పుడు చూడు నా పుస్తకం, కింద పది, పైన పది, మొత్తం పదే. ఎందుకంటే అది ఒకటే మోడం, అడుగు నుంచి తల దాకా."

అనుపమ లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించి ఆ ముసలాయనకు దండం పెట్టింది. అక్కడికక్కడే బెంగళూరుకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, సుదర్శన్ సార్‌కు జరిగిందంతా చెప్పింది. అణాల సంగతి వినగానే అవతల నుంచి కూడా పెద్ద నవ్వు వినిపించింది. తర్వాత నవ్వు ఆగింది.

"అణాల సంగతి సరే అనుపమా, అది మన తప్పే. కానీ ఇంకో ప్రశ్న ఉంది. కింద మబ్బు అడ్డముంటే పై మబ్బు ఆయనకెలా కనిపిస్తుంది? కనిపించకుండా ఎంతని రాశాడు? సుమారుగా ఊహించి రాసుంటే ఆ పుస్తకాలు నాకు పనికిరావు. మన సొంత ఊహను తీసేసి ఇంకొకరి ఊహను మోడల్లో పెట్టలేను కదా."

నరసింహప్ప ఫోను మీదికి వంగాడు. "సార్, సందులో చూస్తా. కింద మోడం నడుస్తాంటే దాని సందులూ నడుస్తాంటాయి. ఒక సందు ఈ మూల నుంచి ఆ మూలకు పోయేలోపల పైదంతా చూపించి పోతాది. దానికే అరగంట పండుకునేది."

"చేసి చూపిస్తారా?"

"ఎప్పుడైనా రాండి."

శుక్రవారం సాయంత్రానికి ఈ విడత మోడల్ మూసేస్తారు. ఆ తర్వాత నాలుగేళ్ళ దాకా అందులో ఒక్క అక్షరం మార్చరు. కాబట్టి శుక్రవారం పొద్దున తానే వస్తానన్నాడు సుదర్శన్. ఆయన చూసి ఒప్పుకుంటే పుస్తకాలు లోపలికి, లేదంటే ఊహించి రాసినవని చెప్పి బయటికి. ఇంకో రోజు లేదు, ఇంకో మాట లేదు.

శుక్రవారం నరసింహప్ప మిగిలిన పుస్తకాలన్నీ గోతాంలో వేసుకుని మొదటి బస్సెక్కాడు. కదిరిలో ఆకాశం చూస్తే ముచ్చటేసింది. కింద తునకలు తునకలుగా మోడం, మధ్యలో సందులు, పైన తెల్లటి పొర. ఇంతకన్నా మంచి రోజు దొరకదనుకున్నాడు. గోరంట్ల దాటేసరికి సందులు సన్నబడ్డాయి. చిలమత్తూరు మిట్ట ఎక్కేసరికి మూకుడు బోర్లించినట్టు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే బూడిద రంగు మోడం.

సుదర్శన్ అప్పటికే వచ్చి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. తనది గుత్తి అని, బెంగళూరు పోయి ముప్పై ఏళ్ళయిందని చెప్పుకున్నాడు. నరసింహప్ప చాప అడిగి తీసుకుని నేల మీద పరిచి వెల్లకిలా పడుకున్నాడు. పది గంటలు. ఇనుప గదిలో రాడార్ కూడా తన చూపు మొదలుపెట్టింది. "ఇది కూడా నీ మాదిరే తాతా, పైకి చూసుకుంటా ఉంటాది. గంటలో ఎంతసేపు మోడం కనపడిందో దాన్నిబట్టి ఎంత భాగమో చెప్తాది. కాకపోతే కింద మోడాన్ని చీల్చుకోని పైది కూడా చూస్తాది" అంది అనుపమ. ఆ సంగతి విని నరసింహప్ప ఆ గిన్నె వైపు గౌరవంగా చూశాడు.

అరగంట గడిచింది. సందు లేదు. ముప్పావు గంట. పడమటి గాలి చెవుల్లో హోరుమంటోంది, మోడం పరుగెడుతోంది, కానీ ఒక్క చోటా విచ్చుకోవడం లేదు. ఒకసారి మాత్రం నెత్తి మీద అరచేయంత జాగా పలచబడింది. పైన తెల్లగా ఏదో మెరిసినట్టనిపించింది, మోడమో వెలుగో తేల్చుకునే లోపల మూసుకుపోయింది.

పదకొండయింది. సుదర్శన్ వాచీ చూసుకున్నాడు. అనుపమ చాప పక్కన గొంతుక్కూర్చుని గుసగుసగా అంది, "తాతా, నీ అంచనా చెప్పినా చాలు. ముప్పై మూడేండ్లు చూసినావు. నీకు తెలీదా?"

తెలుసు. అదే కదా ప్రాణం తీస్తున్నది. పునర్వసు కార్తె, ఈ గాలి, ఈ చలువ. ఇలాంటి రోజున పైన పదకొండణాలుంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు అంతే ఉంటుంది. పదకొండు అనే మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఒక్క మాట అంటే చాలు. పుస్తకాలు లోపలికి పోతాయి, ఈ పిల్ల ఐదేళ్ళ కష్టం గట్టెక్కుతుంది, తిప్పయ్య నోరు మూతపడుతుంది. అనకపోతే ఇరవై తొమ్మిది పుస్తకాలూ పిచ్చి గీతలు. నరసింహప్పకు నిజంగా భయమేసింది. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు. పైన బూడిద రంగు తప్ప ఏమీ లేదు.

లేచి కూర్చున్నాడు.

"కింద పదహారు. మొత్తం పదహారు. పైన కానరాలే."

అనుపమ మొహం చేతుల్లో దాచుకుంది.

"సుమారుగా ఎంత ఉండొచ్చు?" అన్నాడు సుదర్శన్.

"సుమారుగా చెప్పేటట్టుంటే రోజూ గుండెక్కేదెందుకు సార్? ఇంట్లో మంచం మీదే పండుకోని రాసుకోనుండచ్చు గదా." గొంతు కటువుగానే వచ్చింది గానీ లోపల ఏడుపు తన్నుకొస్తోంది.

సుదర్శన్ ఇనుప గదిలోకి పోయాడు. అనుపమ వెనకే పోయింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "పైన నూటికి అరవై ఎనిమిది. అంటే పదకొండణాలు తాతా."

నరసింహప్ప నేల వైపు చూస్తూ తలూపాడు. "నా నోట్లోనూ అదే ఉన్నింది."

సుదర్శన్ చటుక్కున గుమ్మం దాటి వచ్చాడు. "మరి చెప్పలేదేం?"

"నోట్లో ఉన్నింది సార్. కంట్లో లేదు."

సుదర్శన్ గోతాం దగ్గరికి పోయి, నేల మీద చతికిలబడి, ఒక పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పాడు. ఇంకోటి తీశాడు. పై మోడం అంకె ఉండాల్సిన చోట అక్కడక్కడా ఒక చిన్న అక్షరం ఉంది. టైపు చేసినవాళ్ళు అర్థం కాక వదిలేసిన అక్షరం.

"ఈ 'కా' ఏమిటి?"

"కానరాలేదు అని."

సుదర్శన్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క ఏడాదిలోనే ముప్పై ఆరు 'కా'లు. ఇంకో ఏడు నలభై ఒకటి. ఎవరూ అడగని పుస్తకాల్లో, ఎవరూ చూడని గుండు మీద నుంచి దిగివచ్చి, ముప్పై మూడేళ్ళపాటు ఈ మనిషి తెలియని రోజున తెలియలేదనే రాసుకున్నాడు. వెయ్యికి పైగా రోజులు. ఏ అంకె వేసినా అడిగే దిక్కు లేదు, అయినా వెయ్యలేదు. సుదర్శన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బెంగళూరు భాష ఎటుపోయిందో, గుత్తి బయటికొచ్చింది.

"నా సర్వీసులో యాడ చూసినా అంకెలు నింపి పంపినోళ్ళనే చూసినా పెద్దాయనా. కానరాలేదని రాసినోణ్ణి ఇదే చూడ్డం. ఇందులో కానవచ్చిందని రాసిన ప్రతి అంకెనూ నేను నమ్ముతాండా." అనుపమ వైపు తిరిగాడు. "అన్నీ తీసుకో. నీ పద్ధతి ఈ విడతలోనే పెడదాం. ఒక్కటి విను, కా ఉన్నచోట కా అనే ఉండాల. కంప్యూటర్‌తో ఏదో ఒక అంకె నింపిస్తివా, నేనొప్పుకోను."

అనుపమ పుస్తకాలన్నీ ఒళ్ళోకి లాక్కుంది. నరసింహప్పకు మాత్రం ఏడుపు ఆగలేదు. ఆడపిల్ల ముందు, ఆఫీసరు ముందు, ఆ మిట్ట మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సిగ్గేమీ అనిపించలేదు. ఇంతకాలం తాను ఒంటరిగా చూశాననుకున్న ఆకాశాన్ని ఇద్దరు మనుషులు తన పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ చూస్తున్నట్టనిపించింది.

కాసేపటికి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. సుదర్శన్ భోంచేసి పొమ్మన్నాడు, కారులో దింపిస్తానన్నాడు. నరసింహప్ప వినలేదు. పుస్తకాలన్నీ వాళ్ళకు వదిలి, రాస్తున్న పుస్తకాన్ని ఒక్కదాన్నే చంకన పెట్టుకున్నాడు. దాంట్లో ఆ పొద్దుటి కింద అంకె, మొత్తం అంకె వేసి, మధ్యలో 'కా' అని రాశాడు. మూడింటికి గుండెక్కాలంటే పన్నెండున్నర బస్సు దొరకాలని బయల్దేరాడు.